ఆకాశంలో స్పేరు బండి ఉండదు

గూడూరు వాళ్ళకు ప్రయాణమంటే రైలే. చెన్నై నుంచి విజయవాడ పోయే లైను మీద జంక్షన్ మాది. రేణిగుంట వైపు లైను చీలేది ఇక్కడే. సింహపురి ఎక్స్‌ప్రెస్ బయల్దేరేది మా ప్లాట్‌ఫాం మీద నుంచే. సాయంత్రం అందులో దుప్పటి పరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాదు. మా వీధిలో పాతకాపులకు బండి నంబరుతో పని లేదు. కూత వింటే చాలు, అది ఏ బండో, ఎంత లేటో చెప్పేస్తారు.

విమానం అలా కాదు. మాకది తలెత్తి చూసే వస్తువు. ఎక్కాలంటే రెండే దారులు. కిందికి పోతే చెన్నై, 140 కిలోమీటర్లు. పడమరగా పోతే రేణిగుంట, ఎనభయ్యో తొంభయ్యో. నెల్లూరు దగ్గర దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట నేను నిక్కర్లు వేసుకునే రోజుల తర్వాత నుంచీ వింటూనే ఉన్నాను. ఇంతవరకూ అక్కడ విమానం దిగింది లేదు. అయినా చౌక విమానాలు వచ్చాక మా ఊళ్ళోనూ అలవాటు మారింది. నిమ్మకాయల వ్యాపారులు ఢిల్లీ లెక్కలు తేల్చుకోవడానికి విమానంలో పోతున్నారు. పిల్లలు హైదరాబాదు, బెంగళూరుల నుంచి పండక్కి విమానంలో దిగుతున్నారు. 'టికెట్టు ఎంత పడింది?' అన్నది పలకరింపయిపోయింది. తక్కువకు కొన్నవాడే మొనగాడు.

ఆ చౌకలో ఏమేం తగ్గించారో మా ఇంట్లో తెలిసింది మాత్రం పెద్దమామ పోయిన రోజున.

కొన్నేళ్ళ కిందటి మాట. ఎండాకాలం. పొద్దున ఏడున్నరకు హైదరాబాదు నుంచి ఫోను. అమ్మకు ఒక్కగానొక్క అన్న ఆయన. 'సాయంత్రం అయిదుకల్లా తీసేస్తాం అత్తా. ఎండలు చూస్తున్నావుగా, ఉంచలేం' అన్నాడు మామ పెద్దకొడుకు. సింహపురి ఎక్కితే చేరేది మర్నాటికి. కారులో తొమ్మిది గంటలు, అదీ దారి బాగుంటే. రేణిగుంటలో మాత్రం 12 దాటాక హైదరాబాదుకు ఒక ఫ్లైటుంది. ఒకటింబావుకు శంషాబాదులో దిగొచ్చు. ఆ పూట రేటుకు రెండు టికెట్లు కొన్నాను. పదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉన్నాం. అమ్మకు అదే మొదటి విమానం. ఆ సంగతి గుర్తొచ్చే స్థితిలో కూడా లేదామె. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెరమీద అక్షరాల వంక చూస్తూ కూర్చుంది.

పదకొండున్నరకు ఆ తెరమీద మా ఫ్లైటు పక్కన ఎర్ర అక్షరాలు వచ్చాయి. క్యాన్సిల్డ్.

కౌంటరులో కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. 'ఆపరేషనల్ రీజన్స్ సార్' అన్నాడు. రేపటి ఫ్లైటుకు మారుస్తాం, లేదంటే డబ్బు వెనక్కిస్తాం అన్నాడు. రేపు మాకెందుకు? ఇంకో కంపెనీ ఫ్లైటు ఆ సమయానికి లేదు. చెన్నై వెళ్ళి అక్కడ పట్టుకుందామన్నా శంషాబాదులో దిగేసరికి రాత్రి ఏడవుతుంది. మా వెనకాల ఉన్నాయన, ఇంటర్వ్యూకు పోతున్నాడట, కౌంటరు మీద గుద్దుతూ అరిచాడు. ఆ కుర్రాడు అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పాడు. మూడోసారీ చెప్పాడు. వాడికి చెప్పమన్నది అంతే.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. 'అబ్బయ్యా, ఇంకో బండి లేదంటనా వాళ్ళకి?'

మేం గూడూరు తిరిగొచ్చి, ఆ సాయంత్రం సింహపురే ఎక్కాం. రిజర్వేషన్ లేదు. టీసీ దయతలచి అమ్మకు మాత్రం బెర్తు చూపించాడు. పొద్దున మేం చేరేసరికి మామ ఇంటి ముందు కడిగిన నేల కూడా ఆరిపోయింది.

అమ్మ అడిగిన ప్రశ్నను నేను చాలా రోజులు మోశాను. ఎందుకంటే అది అమాయకపు ప్రశ్న కాదు. ఆమెకు తెలిసిన లోకం ఆర్టీసీ. బస్సు దారిలో ఆగిపోతే కండక్టరు కిందికి దిగి, వెనకొచ్చే బస్సును చెయ్యెత్తి ఆపి, మనల్ని అందులో ఎక్కిస్తాడు. డిపోలో స్పేరు బస్సంటూ ఒకటుంటుంది. అది ఎంత డొక్కుదైనా కావచ్చు, గమ్యం చేరుస్తుంది. కోట్ల రూపాయల విమానాలు నడిపేవాళ్ళకు ఆపాటి ఏర్పాటు ఉండదా అన్నది ఆమె అనుమానం.

జవాబు చెప్పింది మా వైపు కుర్రాడే. విమానాల మరమ్మతు ఇంజినీరు. శంషాబాదులో పనిచేస్తాడు. మా పత్రిక కోసం ఏదో రాస్తూ అతనితో మాట్లాడుతుంటే మాటల మధ్య ఈ సంగతి వచ్చింది.

'విమానమంటే నీకన్నీ ఒకటే అన్నా, మాకు కాదు' అన్నాడు. రేణిగుంట లాంటి చోట్లకు వచ్చే చిన్న విమానం చాలావరకు ఏటీఆర్. రెక్కల కింద రెండు పంకాలు తిరుగుతుంటాయి చూడండి, అది. పెద్ద ఊళ్ళ మధ్య తిరిగేవి ఎయిర్‌బస్సులు, బోయింగులు. జెట్‌లు. ఏటీఆర్ నడిపే పైలట్ ఎయిర్‌బస్‌లో కూర్చుని తాళం తిప్పలేడు. (విమానానికి అసలు తాళంచెవి ఉండదట, అది వేరే సంగతి.) ఒక్కో రకం విమానానికి విడిగా శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, లైసెన్సు మీద రాయించుకోవాలి. మరమ్మతు ఇంజినీరు సంతకానికీ అంతే. చక్రాలు వేరు, విడిభాగాలు వేరు. కంపెనీ ఒకటే అయినా అవి రెండు వేరువేరు కుటుంబాలు. ఒకరి చెప్పు ఒకరికి పట్టదు.

'మీ ఫ్లైటు రాకపోవడమంటే, ఏదో ఊళ్ళో ఒక ఏటీఆర్ నిలబడిపోయి ఉంటుంది. ఆ రోజు దాని మెడలో ఆరేడు ఫ్లైట్లు వేసుంటారు. అన్నీ పోతాయి. అదే టైముకి హైదరాబాదులో వాళ్ళవే జెట్‌లు నాలుగు నిలబడి ఉండొచ్చు. వాటిలో ఒకటి పంపమంటావా? అది పంపితే సాయంత్రం ఢిల్లీది ఆగుతుంది. మీది ఆపితే అరవై మంది తిడతారు. అదాపితే 180 మంది తిడతారు. లెక్క అంతే అన్నా.'

ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ కథ కాదు. కౌంటరులో కుర్రాడి మర్యాద, ఫోను తీసేవాళ్ళ ఓపిక... సర్వీసంటే ఇవే అనుకుంటాం మనం. ఏ విమానం కొన్నారు, ఎన్ని కొన్నారు, ఒకటి అదనంగా పెట్టుకున్నారా లేదా అన్నచోటే మన గతి సగం తేలిపోతుంది. ఆ సంతకాలు మనం టికెట్టు కొనడానికి ఏళ్ళ ముందే అయిపోయి ఉంటాయి.

చౌక విమానాల లెక్క మొదలైంది అమెరికాలో. టెక్సాస్ రాష్ట్రంలో 1971లో సౌత్‌వెస్ట్ అనే కంపెనీ మూడు ఊళ్ళ మధ్య విమానాలు తిప్పింది. వాళ్ళ సూత్రం చాలా సాదాది. దాదాపు ఎప్పుడూ ఒకటే రకం, బోయింగ్ 737. ఏ పైలట్ అయినా ఏ విమానమైనా నడుపుతాడు. ఏ ఇంజినీరైనా దేన్నైనా విప్పుతాడు. ఒకటి పాడైతే పక్కది లాగొచ్చు. నేల మీద నిలబడ్డ విమానం డబ్బు తినేదే గానీ తెచ్చేది కాదు కాబట్టి, దిగిన అరగంటలో మళ్ళీ ఎగరాలి. ప్రపంచంలోని చౌక కంపెనీలన్నీ ఈ పుస్తకం చదివే పాసయ్యాయి.

మన దేశంలో దీన్ని మొదలుపెట్టిన కెప్టెన్ గోపీనాథ్ మాత్రం తలకిందులుగా వెళ్ళారు. సైన్యంలో పనిచేసి, సేద్యం చేసి, హెలికాప్టర్ల వ్యాపారం నడిపిన మనిషి. ఆయన ఎయిర్ డెక్కన్ 2003 ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్లీకి ఎగిరింది. జెట్ కాదు, చిన్న ఏటీఆర్. పెద్ద ఊళ్ళ మధ్య పెద్దవాళ్ళతో తలపడటం కన్నా విమానం ఎరగని ఊళ్ళకు పోదామన్నది ఆయన ఆలోచన. మన రాష్ట్రంలో ఆ కంపెనీ తొలి అడుగు ఎలా పడిందో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2003 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి విజయవాడకు ప్రారంభ సర్వీసు. లోపల అప్పటి బీజేపీ అధ్యక్షుడు, మా జిల్లా చవటపాలెం మనిషి వెంకయ్యనాయుడు, విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ. బేగంపేటలో ఇంకా నేల మీద ఉండగానే ఇంజినులో మంటలు! అందరూ క్షేమంగా దిగారు. ఇంకొకరైతే ఆ రోజే దుకాణం కట్టేసేవాళ్ళు. డెక్కన్ కట్టలేదు. రూపాయి టికెట్లు పెట్టింది. పెట్రోలు బంకుల్లో టికెట్లమ్మింది. ఆర్.కె.లక్ష్మణ్ గీసిన గళ్ళకోటు సామాన్యుణ్ణి తన గుర్తుగా పెట్టుకుంది. మొదట్లో సీటు నంబర్లు కూడా ఉండేవి కావు. తలుపు తెరవగానే జనం పరుగు. కిటికీలోంచి తువ్వాలు వేసే వీల్లేదు గానీ, మిగతాదంతా మన బస్టాండే. 2020లో 'ఆకాశం నీ హద్దురా' పేరుతో తెలుగులోనూ వచ్చిన సినిమాకు ఆధారం ఈయన జీవితమే.

కానీ డెక్కన్ ఆ తర్వాత ఎయిర్‌బస్సులు కూడా తెచ్చింది. చిన్న ఊళ్ళకు ఏటీఆర్‌లు, పెద్ద ఊళ్ళకు జెట్‌లు. రెండు కుటుంబాల కాపురం. ఆలస్యాలకు, రద్దులకు పేరు మోసింది. నష్టాలతో 2007లో కింగ్‌ఫిషర్ చేతికి వాటా పోయింది. మరుసటేడు పేరే పోయింది. 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది.

ఏటీఆర్‌ను తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. నిజానికి మనలాంటి ఊళ్ళకు అదే దిక్కు. చిన్న రన్‌వే చాలు. జెట్‌తో పోలిస్తే ఇంధనం సగం కూడా తాగదు. నాలుగైదు వందల కిలోమీటర్ల దూరానికి జెట్ ముందు దిగేది పది ఇరవై నిమిషాలే. మెట్లు దాని తలుపులోనే ఉంటాయి, వెనకవైపు. నిచ్చెన బండి కోసం చూడక్కర్లేదు. సీట్లు రెండేసి, రెండేసి. మధ్య సీటు శిక్ష లేదు. పైన సామాను అర మాత్రం చిన్నది, చక్రాల పెట్టె పట్టక కిందే ఇచ్చేయాలి. పెద్దవాళ్ళు పట్టుకోను పక్కన తాడుంటుంది గానీ మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఆ నాలుగు మెట్లూ నిటారుగానే ఉంటాయి.

ఇంకో తమాషా కూడా ఆ ఇంజినీరు చెప్పిందే. స్పైస్‌జెట్ 2011లో హైదరాబాదు నుంచి పంకాల విమానాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో సీట్లు 78. ఇండిగో 2017 చివర్లో తెచ్చిన ఏటీఆర్‌లలోనూ 78. ఎందుకా అంకె? మన దేశంలో 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ రుసుం మాఫీ. 40 టన్నుల లోపు బరువైతే ఇంధనం మీద రాష్ట్రాలు వేసే పన్నులోనూ పెద్ద రాయితీ. చిన్న ఊళ్ళకు విమానాలు పోవాలని ఇచ్చిన వెసులుబాట్లివి. యాభై సీట్లకు ఒకరి చొప్పున సిబ్బంది ఉండాలి కాబట్టి 78 సీట్లకు ఇద్దరు సరిపోతారు. అంటే మీ మోకాలు ముందు సీటుకు తగులుతున్నదంటే, దాని వెనక ఎక్కడో ఒక ప్రభుత్వ ఉత్తర్వు కూడా ఉన్నదన్న మాట.

మన తెలుగువాళ్ళూ ఈ ఆట ఆడారు. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఎగిరింది. వాళ్ళు ఎంచుకున్నవి బ్రెజిల్ దేశపు ఎంబ్రాయర్ జెట్‌లు. చిన్నదాంట్లో 67 సీట్లు, పెద్దదాంట్లో 112. జెట్ వేగం, ఏటీఆర్ సుఖం, మధ్య సీటు లేదు. ఎక్కినవాళ్ళు బాగుందనే అన్నారు. నాకూ ఆ కంపెనీ మీద ఒక మమకారం. బెజవాడ చిరునామాతో విమానమంటే ఏ తెలుగువాడికి ముచ్చట కాదు? కానీ ఒక్కటి ఆలోచించండి. ఎంబ్రాయర్‌లు వాడిన పారామౌంట్ 2010లోనే మూతపడింది. దేశంలో ఆ విమానం తెలిసిన పైలట్లు, ఇంజినీర్లు ఎంతమంది దొరుకుతారు? విడిభాగం పక్క కంపెనీని అరువడుగుదామంటే పక్క కంపెనీయే లేదు. ఉన్న విమానాలేమో ఒక చేతి వేళ్ళకు సరి. 2014లో ఏకంగా మరో 50 కొత్త ఎంబ్రాయర్‌లకు ఆర్డరిచ్చారు. అవి రాకముందే, 2017 ఫిబ్రవరి చివరన, అద్దె విమానాల బాకీల దగ్గర బండి ఆగింది.

హైదరాబాదు ట్రూజెట్ దారి వేరు. 2015 జులైలో మొదలై, ఏటీఆర్‌లతో తిరుపతి, కడప లాంటి ఊళ్ళు నమ్ముకుంది. సామాన్యుడికి గంట ప్రయాణం 2,500 రూపాయలకే అంటూ కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు, ఆ తొలిరోజు సర్వీసుల్లో మన కడప, హైదరాబాదు ఫ్లైటు ఒకటి. ఏడేళ్ళు నిండకుండానే, 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కూడా నిలిచిపోయింది.

మరి నిలిచిందెవరు? ఇండిగో. 2005లో, ఇంకా ఒక్క విమానం కూడా ఎగరకముందే, వంద ఎయిర్‌బస్‌లకు ఆర్డరిచ్చి అందరి చేతా 'పిచ్చా?' అనిపించుకుంది. 2006 ఆగస్టులో మొదలై పదకొండేళ్ళకు పైగా ఆ ఒక్క కుటుంబంతోనే కాపురం చేసింది. చిన్న ఊళ్ళ వంక చూడలేదు. బాగా బలిశాకే ఏటీఆర్‌లు తెచ్చింది. ఇప్పుడు దేశంలో విమానమెక్కే వందమందిలో అరవై మందికి పైగా ఎక్కుతున్నది దాన్నే.

ఇక్కడితో కథ కంచికి అనుకుంటే పొరపాటు. ఒకే రకంలోనూ ఒక గుంట ఉంది. గో ఫస్ట్ కూడా ఎయిర్‌బస్‌లనే నమ్ముకుంది. ఆ కొత్తరకం ఎయిర్‌బస్‌ల ఇంజిన్లు మొరాయించాయి. బదులు ఇంజిన్లు రాలేదని, దాదాపు సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని చెప్పి 2023 మేలో చేతులెత్తేసింది. టికెట్లు కొన్నవాళ్ళు చేతులు పిసుక్కున్నారు. ఇక 2025 డిసెంబరు మొదటి వారం సంగతి మీరు టీవీల్లో చూసే ఉంటారు. 400కు పైగా విమానాలున్న ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసింది. పైలట్ల విశ్రాంతి గంటలు పెంచుతూ వచ్చిన కొత్త నిబంధనకు తగినంత మందిని సిద్ధం చేసుకోలేదు. విమానాలున్నాయి, నడిపేవాళ్ళు చాల్లేదు. ఎయిర్‌పోర్టుల్లో పెట్టెల గుట్టలు, నేల మీద పడుకున్న పిల్లలు. పెళ్ళిళ్ళకు అందనివాళ్ళు, మా అమ్మలాగే కడచూపుకు అందనివాళ్ళు అందులో ఎందరో. శంషాబాదులో ఆ దృశ్యాలు చూస్తుంటే నాకు ఇంజినీరు మాటలే గుర్తొచ్చాయి. ఒక రకమా రెండు రకాలా అన్నది కాదు అసలు పేచీ. అవసరానికి చేతిలో ఒకటి మిగుల్చుకున్నారా లేదా? మిగిలితే దాని ఖర్చు టికెట్టులోకి వస్తుంది. టికెట్టు వంద పెరిగితే మనం పక్క కంపెనీకి పోతాం. కాబట్టి ఎవరూ మిగల్చరు. నన్నడిగితే, దీన్ని మనకూ కంపెనీలకూ వదిలేస్తే తేలదు. ఇన్ని విమానాలు నడిపేవాడికి ఇన్ని స్పేరు, ఇంతమంది పైలట్లు అదనం అని ప్రభుత్వమే గీత గీయాలి. ఆర్టీసీ డిపో మేనేజరుకున్న బాధ్యత ఆకాశంలో తిరిగేవాడికి మాత్రం ఎందుకుండకూడదు?

పరిహారం సంగతి చెప్పలేదు కదూ.

మాకు టికెట్టు డబ్బు పూర్తిగానే వెనక్కి వచ్చింది, పది రోజులకు. పరిహారం మాటేమిటని రాశాను. విమానంలో సాంకేతిక లోపం తమ చేతుల్లో లేని కారణమని జవాబొచ్చింది. ఎంత మర్యాదగా రాశారంటే, ఉత్తరం చదివాక ఎదురు క్షమాపణ చెప్పాలనిపించేంత! నిబంధనలు తీసి చదివాను. పౌర విమానయాన డైరెక్టరేట్, అదే డీజీసీఏ, 2010లో రాసి 2016లో పరిహారం పెంచినవి. 24 గంటల ముందు కూడా చెప్పకుండా ఫ్లైటు రద్దు చేస్తే, గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల లోపు అయితే 7,500, ఆపైన 10,000. బాగానే ఉందనుకుంటాం. పక్కన చిన్న అక్షరాల్లో ఒక మెలిక. టికెట్టు మూలధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తం గానీ, ఈ అంకె గానీ... ఏది తక్కువైతే అది! అంటే చౌకగా కొన్నవాడి బాధ కూడా చౌకే. తుపాను, భద్రత, సమ్మె లాంటివి, ఇంకా సంస్థ చేతుల్లో లేనివి అయితే అదీ లేదు. ఆ 'చేతుల్లో లేనివి' అన్న సంచిలో ఎన్నయినా పడతాయి.

ఐరోపాలో 2004లో చేసిన చట్టం ఈ రెండు చోట్లా తెలివిగా ఉంది. అక్కడ 1,500 కిలోమీటర్ల లోపు ఫ్లైటు చెప్పకుండా రద్దయితే 250 యూరోలు. టికెట్టు పది యూరోలకు కొన్నా సరే, అంతే. మరి సాంకేతిక లోపం? 2008లో వాళ్ళ పెద్ద కోర్టు తేల్చేసింది. విమానాల కంపెనీకి విమానం పాడవడం మామూలు పనిలో భాగమే, దాన్ని అనుకోని ఉపద్రవం అనడానికి లేదని. హోటలువాడు 'పొయ్యి వెలగలేదు, అది మా చేతుల్లో లేదు' అంటే ఒప్పుకుంటామా?

మనకూ దారి లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల చట్టం వచ్చాక, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా ముంబయిలో ఉన్నా, మన ఇల్లున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అంతకుముందు కేంద్రం ఎయిర్‌సేవ పేరుతో ఫిర్యాదుల ఏర్పాటు పెట్టింది. ఫ్లైటు రెండు గంటలకు పైగా ఆలస్యమైతే ప్రయాణ సమయాన్ని బట్టి తిండి, నీళ్ళు అడిగి తీసుకోవచ్చు. ఆరు గంటలు దాటేట్టుంటే వేరే ఫ్లైటు గానీ డబ్బు వాపసు గానీ కోరవచ్చు. రాతపూర్వకంగా రద్దు కారణం ఇమ్మని కౌంటరులోనే అడగండి. తెర ఫొటో తీసుకోండి. కౌంటరు కుర్రాడి మీద అరిచి లాభం లేదు. చాలాచోట్ల వాడు ఆ కంపెనీ ఉద్యోగి కూడా కాడు, నేల మీది పనులు కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్ళ మనిషి. వాడికి తెలిసింది మనకన్నా అయిదు నిమిషాలు ముందు, అంతే.

ఇప్పుడు నేను టికెట్టు కొనేముందు రేటుతో పాటు విమానం రకం కూడా చూస్తున్నాను. ఫోనులో ఫ్లైటు వివరాల కింద రాసే ఉంటుంది. తప్పనిసరి పనైతే రోజులో మొదటి ఫ్లైటు. రాత్రే వచ్చి అక్కడ పడుకున్న విమానమైతే, వేరే ఊరి తంటాలు దానికి అంటవు. అదే కంపెనీకి ఆ ఊరికి ఆ రోజు ఇంకో ఫ్లైటు ఉందా అన్నది కూడా చూస్తాను. స్నేహితులు నవ్వుతున్నారు, పెళ్ళిసంబంధం చూసినట్టు చూస్తున్నావని.

మొన్న మామ మనవరాలి పెళ్ళి శుభలేఖ వచ్చింది. హైదరాబాదులోనే. సింహపురికి తీస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు ఈసారి విమానమే ఎక్కాలని ఉంది. 'రేణిగుంట వద్దులేరా, మద్రాసు నుంచి పోదాం. అక్కడ ఒకటి పోతే ఇంకోటుంటది' అంది. రెండు గంటలు ఎక్కువ ప్రయాణం అని చెప్పినా వినలేదు. టికెట్లు తీస్తుంటే పక్కనే కూర్చుని ఫోనులో సీట్ల బొమ్మ చూపించమంది. కళ్ళజోడు సర్దుకుని, వేలితో ఒక వరస లెక్కపెట్టింది.

'మూడు, మూడు ఉండాయి. పెద్దదేగా?'